సకినాల డబ్బా చప్పుడు

హన్మకొండలో మా ఇల్లు. అమ్మ జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైంది, నాన్న బస్ డిపోలో చేసి రిటైరయ్యాడు. నాన్నకు షుగర్, అమ్మకు ఓపిక తక్కువ, సంక్రాంతి పోయి వారమైనా సకినాలు ఇంకా అయిపోలేదు. ఇంట్లో గొడవకు ఇంతకన్నా ఏం కావాలి!

మొన్న మధ్యాహ్నం అమ్మ వంటింట్లో స్టీలు డబ్బా మూత తీసింది. టప్‌మంది. హాల్లో గురక పెడుతున్న నాన్న గడపలో ప్రత్యక్షం.

అమ్మ: పక్కనే నిలబడి పిలిస్తే వినపడదు గానీ, ఈ మూత మాత్రం నిద్రల కూడా వినపడుతది!

నాన్న: షుగర్ గోళీ కోసం వచ్చిన.

అమ్మ: గోళీలు టీవీ దగ్గరున్నయి. ఇండ్ల కందిపప్పు ఉంది, చూసుకోండి.

నాన్న తొంగి చూశాడు. మొహం వాడిపోయింది.

అమ్మ: గదే! షుల్జ్ కోతులకు కూడా ఇట్లనే అయింది.

నాన్న: ఇగ కోతిని కూడ చేసినవా నన్ను?

అమ్మ: జర వినండి. వోల్ఫ్రామ్ షుల్జ్ అని ఒకాయన కోతుల మెదడుల సన్నతీగ పెట్టి చూసిండు. మొదట్ల అనుకోకుండ జ్యూస్ చుక్క నోట్లె పడితే డోపమిన్ అనే రసాయనం వదిలే మెదడు కణాలు చిటపటమన్నయి. లైటు వెలిగినంక జ్యూస్ ఇచ్చుడు అలవాటు చేస్తే ఆ చిటపట లైటుకే వచ్చింది, జ్యూస్‌కు చప్పుడే లేదు. ఇగ లైటు వెలిగి జ్యూస్ రాలేదనుకోండి, రావాల్సిన టైముకు ఆ కణాలు మామూలుగ చేసే సందడి కూడా బంద్ జేసినయి. ఇప్పటి మీ మొహం లెక్క.

నాన్న: అంటే నాకు మూత చప్పుడే ఇష్టమా? మరి నిన్న ఆరెందుకు తిన్న?

అమ్మ: ఆరా! నాతోని మూడన్నరు!

నాన్న (గొంతు తగ్గించి): వాము ఎక్కువైంది, అంత మంచిగ కూడ లెవ్వు.

అమ్మ: మంచిగ లేకున్నా ఆరు! కావాలనిపించుడు వేరు, రుచనిపించుడు వేరు. అమెరికాల బెర్రిడ్జ్ అనే ఆయన చూసిండు, మెదడుల డోపమిన్ దాదాపు లేకుండ చేసిన ఎలుకలు ఎదురుగ తిండి ఉన్నా ముట్టలేదట, నోట్లె తీపి నీళ్లు పోస్తే మాత్రం ఎప్పటిలెక్కనే మూతి నాక్కున్నయట.

నాన్న: అయితే నువ్వే నోట్లె పెట్టు.

అమ్మ: సిగ్గు లేదు!

నాన్న: నీకున్నదా? రాత్రి పదకొండు దాక ఫోన్ల చీరలు జరుపుకుంట కూసుంటవ్. ఇరవైట్ల ఒక్కటి నచ్చుతది, అయినా వేలు ఆగదు. స్కిన్నర్ అనే సైంటిస్టు పావురాల సంగతి నువ్వే చెప్పినవ్ గద, ఎన్ని పొడుపులకు గింజ పడుతదో తెల్వకపోతే ఆగకుండ పొడుస్తనే ఉంటదని!

అమ్మకు జవాబు దొరకలేదు. (ఇది నా ముప్పై ఏళ్లలో రెండోసారి.) అంతలో హాల్లో ఫోన్ టింగ్‌మంది, అమ్మ గబగబా వెళ్లింది.

బియ్యం డ్రమ్ము వెనకాల దాచిన డబ్బా నాన్నకు దొరికింది. ఈసారి మూత బనియన్‌తో పట్టుకుని, చప్పుడు రాకుండా తీశాడు. సకినం కొరికితే కరకరమంటుందన్న సంగతి మర్చిపోయాడు పాపం.