రెండు హార్లిక్స్ సీసాలు

నల్లగొండ–మిర్యాలగూడ రూటులో ముప్పయ్యేళ్లు కండక్టర్‌గా చేసినవాణ్ని. టికెట్ వెనక చిల్లర ఎవరికెంత రాశానో చూడకుండా చెప్పేవాణ్ని. (తిరిగి ఇవ్వడం వేరే సంగతి.) అలాంటిది, దసరాకు వచ్చిన మనవడు "తాతా, మీ బస్సు ఆగే ఊళ్లు చెప్పు" అంటే తిప్పర్తి, మాడుగులపల్లి దాకా వెళ్లి బండి ఆగిపోయింది. వేములపల్లి ఎంతకీ నోటికి రాలేదు. ఆ రాత్రంతా టెన్షన్.

కోడలు ధైర్యం చెప్పింది. అమెరికాలో అరవై దాటి ఆరోగ్యంగా ఉన్న 3,562 మందికి మూడేళ్లు మాత్రలు ఇచ్చి చూశారట. సగం మందికి రోజుకు 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లావనాల్స్ (కోకో గింజల్లో ఉండే పదార్థాలట), మిగతా సగం మందికి మందే లేని ఉత్తుత్తి మాత్ర. ఎవరికేది వచ్చిందో వాళ్లకు తెలియదు. 2023లో ఆ లెక్కలు బయటపెట్టారు. తిండిలో ఆ పదార్థాలు ముందునుంచీ తక్కువైనవాళ్లకే జ్ఞాపకం కొంత మెరుగైంది, మిగతావాళ్లకు పెద్ద తేడా లేదట. అవే రకం పదార్థాలు తేయాకులోనూ ఉంటాయంది.

"రోజుకు ఆరు చాయ్‌లు తాగుతున్న కదమ్మా" అన్నాను.

"మన చాయ్‌పత్తి చేసేటప్పుడు ఆకును నలిపి గాలికి నల్లబడనిస్తరు మామయ్యా. అందులో కాటెకిన్లు, అంటే నేను చెప్పిన ఆ పదార్థాలే, చాలామటుకు వేరే రూపంలోకి మారిపోతయి. గ్రీన్ టీకైతే కోసిన వెంటనే వేడి తగిలిస్తరు, అవి అట్లనే ఉంటయి."

అంటూ రెండు ప్యాకెట్లు తీసింది. ఒకటి నాకు గ్రీన్ టీ. ఇంకొకటి వాళ్ల అత్తమ్మకు, కూరల్లో వేసుకోవడానికి ఎండబెట్టిన మెంతాకు, కసూరి మేతి. మెత్తబడిపోతాయని రెండింటినీ నేనే రెండు హార్లిక్స్ సీసాల్లో పోశాను. పేర్లు రాసి అంటించమంది కోడలు. "కండక్టర్‌కు చెప్తున్నవా?" అన్నాను.

మర్నాటి నుంచి దీక్ష. నీళ్లు కళపెళ మరగొద్దు, ఎనభై డిగ్రీలు చాలు, లేకపోతే చేదెక్కుతుందని చెప్పింది కదా, అట్లాగే చేశాను. అయినా చేదే. పైగా ఒక వింత. గుటక మింగగానే చిన్నప్పుడు మా అవ్వ వండిన మెంతికూర పప్పు కళ్లముందుకు వచ్చింది. యాభై ఏళ్ల నాటి పప్పు! మందు అప్పుడే పనిచేస్తోందని ఒళ్లు జలదరించింది.

నాలుగో రోజుకు వేములపల్లి దొరికింది. వారానికి మిర్యాలగూడ నుంచి వెనక్కి కూడా అప్పజెప్పాను. గడియారం సెంటర్‌లో పొద్దున్నే కూర్చునే మా బ్యాచ్ మొత్తానికి కాటెకిన్ల మీద క్లాసు తీసుకున్నాను. ఇద్దరు చాయ్ మానేశారు కూడా.

ఇంట్లో మాత్రం వేరే కథ నడుస్తోంది. "కోడలు తెచ్చిన మెంతాకుకు వాసనే లేదు, నమిలినా నలగది" అని మా ఆవిడ గొణిగేది. అయినా కోడలు తెచ్చిందని రాత్రి పప్పులో గుప్పెడు, రొట్టె పిండిలో గుప్పెడు వేసేది. ఎనభై ఆరేళ్ల మా అవ్వకు నిద్ర కరువైంది. రాత్రి ఒంటిగంటకు లేచి కూర్చుని, "కొడుకా, నిద్రవట్టిందా?" అని మొదలుపెట్టేది. ఎవరి పెళ్లిలో ఎవరు అలిగారు, ఏ ఏడు చెరువు తెగింది, ఎవరి బర్రె ఎవరి చేలో పడింది. రోజుకో ఏడు చొప్పున ముందుకు వస్తోంది. పదిహేనో రాత్రి ఇత్తడి చెంబు దగ్గరికి వచ్చింది.

"మీ నాయిన తెచ్చిన చెంబు యాడికి వోయిందో నాకు ఇప్పుడు సమజయితున్నది. ఆ దినం నువ్వు సినిమాకు వోయినవు. పైసలు యాడియి?" అంటుండగా దగ్గు వచ్చి ఆగింది. నా గుండె కూడా ఆగింది.

మర్నాడు ఆదివారం, కోడలు వచ్చింది. "మీకు టీ పెడతా మామయ్యా" అని నా సీసా మూత తీసి, వాసన చూసి, అట్లాగే నిలబడిపోయింది. రెండో సీసా కూడా చూసింది. ఆ తర్వాత నవ్విన నవ్వుకు పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూశారు.

పదిహేను రోజులు నేను తాగింది మెంతాకు నీళ్లు. గ్రీన్ టీ మొత్తం పప్పులో పడింది. అందులోనూ కెఫీన్ ఉంటుంది కదా, ఆకు ఆకంతా రాత్రిపూట తింటే ముసలి ప్రాణానికి నిద్ర ఎక్కడిది? అంటే నాది ఉత్తుత్తి మాత్ర జట్టన్నమాట.

"మరి వేములపల్లి?" అన్నాను.

"రోజూ పొద్దున అదే పాఠం అప్పజెప్తే రాకేం చేస్తది మామయ్యా?"

ఆ రాత్రి పప్పులో ఏ ఆకూ వేయలేదు. అవ్వ తెల్లారేదాకా గుర్రుపెట్టి పడుకుంది. లేచి మొహం కడుక్కుని, నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"కొడుకా, మొన్న రాత్రి ఏందో చెప్పుకుంట ఆపిన. యాడిదాంక చెప్పిన? నీకేమన్న యాదికున్నదా?"

అక్షరం పొల్లుపోకుండా యాదికుంది. "నాకేం ఎరుక అవ్వా" అన్నాను.