‘ఆండ్రియా ఫెరారా’ అని చెక్కి ఉన్నంత మాత్రాన అది పదహారో శతాబ్దపు కత్తి కాదు

పాత ఆయుధాలు సేకరించేవారి మధ్య ఒక వాదన చాలాకాలంగా చెలామణిలో ఉంది. స్కాట్లండ్ బుట్టపిడి కత్తి (పట్టుకున్న చేతిని బుట్టలా కప్పే పిడి ఉన్నది) అలుగు మీద, అంటే కోసే లోహపు భాగం మీద, ‘ఆండ్రియా ఫెరారా’ అన్న పేరుంటే అది ఆ ఇటలీ కమ్మరి పదహారో శతాబ్దంలో స్వయంగా చేసినదనీ, పక్కన 1414 అన్న అంకె ఉంటే అది తయారైన సంవత్సరమనీ, అలాంటి కత్తి స్కాట్లండ్ తిరుగుబాటుదారులను బ్రిటిష్ ప్రభుత్వ సైన్యం ఓడించిన 1746 నాటి కల్లోడెన్ యుద్ధం చూసినదేననీ దాని సారాంశం. ఈ మూడింటిలో ఏదీ పరిశీలనకు నిలవదు.

ఫెరారా కల్పిత వ్యక్తి కాడు. పదహారో శతాబ్దపు ఉత్తరార్ధంలో ఇటలీలోని బెల్లూనోలో ఆయనా, ఆయన సోదరుడూ అలుగులు చేసి పేరు గడించారు. అయితే ఆ పేరుతో నేడు దొరికే అలుగుల్లో అత్యధికం ఆయన తరం దాటిపోయాక, 17, 18 శతాబ్దాల్లో, జర్మనీలోని జోలింగెన్ పట్టణంలో స్కాట్లండ్ గిరాకీ కోసం తయారైనవి. ఆ పేరుంటేనే సరుకు మంచిదన్న నమ్మకం కొనేవారిలో పాతుకుపోవడంతో అది మనిషి పేరుగా కాక నాణ్యతకు గుర్తుగా చెలామణి అయింది. అందుకే ఒక అలుగు మీద ‘ఆండ్రియా ఫరారా’ అనీ, మరోదాని మీద ‘ఆండ్రియా ఫెరారా’ అనీ అక్షరాలు ఇష్టానుసారం మారిపోతుంటాయి. తన పేరును తానే ఇన్ని విధాలుగా రాసుకునే పనివాడు ఎక్కడైనా ఉంటాడా? ఆయనను స్కాట్లండ్ రాజు పిలిపించుకున్నాడన్న కథ వినడానికి బాగానే ఉంటుంది కానీ, దానికి గట్టి ఆధారమేదీ లేదు.

1414 సంగతి మరీ విడ్డూరం. పరుగెత్తే తోడేలు బొమ్మతో పాటు ఇలాంటి అంకెలను కూడా అలుగు మీద వేయడం జోలింగెన్ పనివారి అలవాటు. ఆ తోడేలు కూడా మొదట జర్మనీలోనే ఉన్న పస్సావు పట్టణపు ముద్రే. అసలు 1414 నాటికి బుట్టపిడి అన్నదే లేదు. కచ్చితమైన కాలం తెలిసిన తొలి ఉదాహరణల్లో ఒకటి, 1545లో పోర్ట్స్‌మత్ దగ్గర మునిగిన ‘మేరీ రోజ్’ యుద్ధనౌక నుంచి బయటపడింది. అది ఇంగ్లండ్ నౌక కనుక, బుట్టపిడి స్కాట్లండ్ వారి సొంత సృష్టి అన్న మాట కూడా దానితోనే వీగిపోతుంది.

ఇక కల్లోడెన్. యుద్ధం ముగిశాక ప్రభుత్వ సైన్యం పోగుచేసిన ఆయుధాల లెక్కలో 2,320 తుపాకులుంటే కత్తులు 190 మాత్రమే. సైనికులు జ్ఞాపికలుగా కొన్ని దాచుకుని ఉండవచ్చు. అయినా అమ్మకానికొచ్చే ప్రతి కత్తికీ ఆ రణరంగాన్ని అంటగట్టడం దబాయింపే. పైగా బ్రిటిష్ సైన్యంలోని హైలాండ్ (స్కాట్లండ్ కొండప్రాంతపు) రెజిమెంట్ల కోసం ఆ తరువాత కూడా బుట్టపిడి కత్తులు తయారవుతూనే వచ్చాయి. 1828లో అధికారుల కత్తికి ప్రత్యేకంగా ఒక నమూనానే నిర్ణయించారు. అలుగు మీద విక్టోరియా రాణి పొడి అక్షరాలుంటే అది 1837కు ముందుది కాజాలదు.

కాలం తేల్చడానికి అలుగు కన్నా పిడి ఎక్కువ అక్కరకొస్తుంది. తాతల నాటి మంచి అలుగుకు మనుమడు కొత్త పిడి వేయించుకోవడం మామూలే కనుక రెండింటి వయసునూ విడివిడిగా లెక్కగట్టాలి. మన దక్కనులోనూ ఐరోపా అలుగుకు ఇక్కడి పిడి బిగించిన ‘ఫిరంగి’ కత్తులున్నాయి. వాటి అలుగు మీది ముద్రను బట్టి పిడి పుట్టుకను ఎవరూ తేల్చరు. 17వ శతాబ్దపు స్కాట్లండ్ పిడుల్లో ఇనుప పట్టీలు రిబ్బన్లలా పలచగా ఉండి, ముందువైపు ముక్కులా కూడుకుంటాయి. 18వ శతాబ్దానికి వచ్చేసరికి హృదయాకారపు రంధ్రాలూ గుండ్రని రంధ్రాలూ తొలిచిన వెడల్పాటి రేకులు, శంకువు ఆకారపు పిడిగుండు (పిడి చివర ఉండే గుండు) కనిపిస్తాయి. కొందరు పిడి పనివారు తమ పొడి అక్షరాలు కూడా కొట్టేవారు: గ్లాస్గో జాన్ సింప్సన్‌ది ‘ఐ ఎస్’, కింద ‘జి’, స్టర్లింగ్ వాల్టర్ అలన్‌ది ‘డబ్ల్యూ ఏ’, కింద ‘ఎస్’. ఈ అక్షరాలు దొరికితే పిడి ఏ ఊరిదో, ఏ కాలందో తెలుస్తుంది. ఫెరారా పేరు ఆ రెండింటిలో ఒక్కటీ చెప్పదు.

చివరగా పిడిగుండు కొనను భూతద్దంతో చూడాలి. అలుగు తోక, అంటే పిడి లోపలికి దూరే సన్నని భాగం, అక్కడికి వచ్చి, సుత్తి దెబ్బలతో అణిగి ఉంటుంది. చుట్టూ ముదురు గోధుమరంగు తేలి, ఆ ఒక్కచోటే ఆకురాయి గీతలు మెరుస్తుంటే, అలుగును ఈమధ్యే విప్పి మళ్లీ బిగించారేమోనన్న అనుమానం రావాలి. అప్పుడు అమ్మేవారిని ముందుగా అడగవలసింది ఆ బిగింపు ఎప్పటిదన్నదే.