94వ నిమిషాన్ని తిడితే సరిపోతుందా?

హాంకాంగ్‌లో భారత్ ఓడిన ఫుట్‌బాల్ మ్యాచ్‌ను నల్లగొండలో ఫోన్లలో చూసినవాళ్లకు ఆ ఓటమి రెండుసార్లు ఎదురైంది. 2025 జూన్ 10న, మన టైం ప్రకారం సాయంత్రం ఐదున్నరకు మొదలైన మ్యాచ్ అది. దేవరకొండ రోడ్డులో ఓ మొబైల్ షాపు ముందు నలుగురైదుగురు కుర్రాళ్లు రెండు ఫోన్లు పెట్టుకుని చూస్తున్నారు. ఒకదానికి నెట్ బాగుంది, రెండోది కాస్త వెనకబడి నడుస్తోంది. ఇంజురీ టైంలో, అంటే తొంభై నిమిషాలు అయ్యాక కలిపే అదనపు సమయంలో, మొదటి ఫోన్ దగ్గర కూర్చున్నవాడు "అయిపాయె రా, పెనాల్టీ ఇచ్చిండు" అని నెత్తి పట్టుకున్నాడు. రెండో ఫోన్‌లో అప్పటికి ఏమీ కాలేదు, ఆట మామూలుగానే సాగుతోంది. ఆ ఫోన్ చూస్తున్నవాడు "ఆగు, ఆగు" అంటూనే ఉన్నాడు, తన స్క్రీన్‌లోనైనా జరగకుండా పోతుందేమోనన్నట్టు.

జరిగింది చెప్పాలంటే రెండు ముక్కలే. పైకి లేచిన బంతిని పిడికిలితో కొట్టేద్దామని గోల్‌కీపర్ విశాల్ కైత్ ముందుకొచ్చాడు. బంతి అందలేదు, హాంకాంగ్ ఆటగాడు మైకేల్ ఉడెబులుజోర్‌ను ఢీకొట్టాడు. రెఫరీ పెనాల్టీ ఇచ్చాడు, స్టెఫాన్ పెరీరా దాన్ని గోల్ చేశాడు. 94వ నిమిషంలో 1-0. ర్యాంకుల్లో మనకంటే పాతిక స్థానాలు కింద ఉన్న జట్టు చేతిలో ఓడి, 2027 ఆసియా కప్ అర్హత పోటీల్లో మన గ్రూప్‌లో అట్టడుగుకు చేరాం.

ఆ రాత్రి వాట్సాప్ స్టేటస్‌లు చూస్తే కోపం ఏ వరసలో దిగిందో తెలిసిపోతుంది. మొదట అందరి నోళ్లలో కైతే. తర్వాత రిటైర్మెంట్ నుంచి వెనక్కి వచ్చిన సునీల్ ఛెత్రీ మీదికి మళ్లింది, నలభై ఏళ్ల మనిషి మీదే ఇంకా ఎన్నాళ్లు ఆధారపడతారని. ఆ తర్వాత కోచ్ మనోలో మార్కెజ్. అర్ధరాత్రి దాటాక దేశంలో ఫుట్‌బాల్‌ను నడిపే ఫెడరేషన్. మొదటి సగంలో మన లిస్టన్ కొలాసో అందించిన బంతిని ఆషిక్ కురునియన్ గోల్ దగ్గర నుంచే బయటికి కొట్టిన సంగతి చాలామందికి మర్నాడు గానీ గుర్తు రాలేదు. అది లోపలికి పోయుంటే ఈ వ్యాసమే లేదు.

కోపం తప్పని నేను అనను. డబ్బు పెట్టి సబ్‌స్క్రిప్షన్ కట్టి, పని మానుకుని చూసినవాడికి తిట్టే హక్కు ఉంటుంది. నా అభ్యంతరం వేరే. చివరి నిమిషంలో పడ్డ గోల్ అంతకు ముందు తొంభై నిమిషాలను మింగేస్తుంది. మనం ఆ ఒక్క నిమిషాన్ని పట్టుకుని తిడుతుంటే, అసలు తిట్టాల్సినవి హాయిగా తప్పించుకుంటాయి.

దీని వెనక మనిషి స్వభావం ఉంది. డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1982లో ఒక ఉదాహరణ ఇచ్చారు. ఇద్దరికి విమానం తప్పిపోయింది. ఒకాయన విమానం అరగంట క్రితమే వెళ్లింది, ఇంకొకాయనది ఐదు నిమిషాల క్రితం. నష్టం ఇద్దరికీ ఒకటే, అయినా రెండో ఆయనే ఎక్కువ కుమిలిపోతాడని అడిగినవాళ్లలో దాదాపు అందరూ అన్నారు. నల్లగొండ బస్టాండ్‌లో కళ్ల ముందే కదిలిపోయిన లాస్ట్ బస్సును తల్చుకునేవాళ్లకు ఈ ప్రయోగం అక్కర్లేదు. ఇంకొక్క నిమిషం ఆగి ఉంటే అన్న ఊహ ఎంత దగ్గరగా ఉంటే బాధ అంత ఎక్కువ. 3-0తో ఓడితే టీవీ కట్టేసి అన్నం తింటాం. 94వ నిమిషంలో ఓడితే నిద్ర పట్టదు.

దీన్ని ఏడాది ముందు దోహాలో జరిగినదానితో పోల్చి చూడండి. 2024 జూన్ 11న ప్రపంచ కప్ అర్హత మ్యాచ్‌లో ఖతార్ మీద మన ఆటగాడు ఛాంగ్టే గోల్‌తో మనం ముందున్నాం. 73వ నిమిషంలో బంతి గీత దాటి బయటికి వెళ్లినా, దాన్ని లోపలికి లాగి గోల్ కొడితే రెఫరీ ఒప్పుకున్నాడు. వీడియో చూసి రెఫరీ తప్పు దిద్దే వీఏఆర్ లేదు. 85వ నిమిషంలో ఇంకొకటి పడింది, 2-1తో ఇంటిదారి పట్టాం. అప్పుడూ కోపం వచ్చింది కానీ ఆ కోపానికి ఒక సుఖం ఉంది: తప్పు మనది కాదు. బంతి బయటికి పోయిన ఫొటోను ఎర్ర వృత్తం గీసి మరీ పంచుకున్నాం. మహబూబ్‌నగర్ మిత్రుడొకడు నెలలపాటు డీపీ మార్చలేదు. హాంకాంగ్‌లో అలాంటి వెసులుబాటు దొరకలేదు. పెనాల్టీని కాదనలేం. బయటి దొంగ దొరకనప్పుడు ఇంట్లో ఒకణ్ని పట్టుకోవాలి కదా, కైత్ దొరికాడు. ఆ సీజన్ ఐఎస్‌ఎల్‌లో, అంటే మన క్లబ్బుల లీగ్‌లో, 15 మ్యాచ్‌ల్లో గోల్ ఇవ్వకుండా ఉత్తమ కీపర్‌కిచ్చే గోల్డెన్ గ్లోవ్ గెల్చుకున్నది ఇతనే.

ఇక అసలు లెక్కకు వద్దాం. మార్కెజ్ శిక్షణలో భారత్ ఆడినవి 8 మ్యాచ్‌లు. గెలిచింది ఒకటి, మాల్దీవులపై 3-0. డ్రాలు 4, ఓటములు 3. మాల్దీవులను పక్కన పెడితే మిగతా 7 మ్యాచ్‌ల్లో మనవాళ్లు కొట్టిన గోల్స్ రెండంటే రెండు, వియత్నాంపై ఒకటి, మలేషియాపై ఒకటి. ఇలాంటి జట్టు ఏ మ్యాచ్‌లోనైనా 0-0 దగ్గరే వేలాడుతుంది. అలా వేలాడే జట్టుకు ఒక పొరపాటు చాలు. అది 20వ నిమిషంలో జరిగినా 94లో జరిగినా ఫలితం ఒకటే. హాంకాంగ్‌లో మనం డ్రా కోసం ఆడామని కొందరు విమర్శించారు. నాకైతే అంత ప్లాన్ కూడా కనపడలేదు. గోల్ కొట్టలేక డ్రా దాకా వచ్చాం, అంతే.

మనవైపు వాళ్లు దీన్ని టీవీలో కాదు, నేరుగా చూశారు. 2024లో భారత్ మూడు మ్యాచ్‌లు గచ్చిబౌలిలోనే ఆడింది. సెప్టెంబర్‌లో మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3, నవంబర్‌లో మలేషియాతో 1-1. ఆ మలేషియా మ్యాచ్‌లో గోల్ ఎలా పడిందో గుర్తుందా? గుర్‌ప్రీత్ సింగ్ సంధు గోల్ వదిలి, దాని ముందు గీసిన బాక్స్ బయటికి పరుగెత్తాడు, బంతి అందలేదు, పౌలో జోసుయే ఖాళీ గోల్‌లోకి తన్నాడు. ఏడు నెలల తర్వాత హాంకాంగ్‌లో ఇంకో కీపర్ ఇంకోలా అదే పని చేశాడు. ఇద్దరూ దేశంలో పేరున్న కీపర్లే. ఇద్దరూ గోల్ వదిలి పరుగెత్తాల్సి వచ్చిందంటే నేను కీపర్‌ను కాదు, అతని ముందు ఖాళీ వదిలిన డిఫెన్స్‌ను చూస్తాను. ఈ మాట చెబితే "కీపర్‌ను ఎనకేసుకొస్తున్నవా" అంటారు. ఔను, కొంచెం.

2019లోనూ ఇదే కథ. ఆ జనవరి 14న షార్జాలో ఆసియా కప్ గ్రూప్ చివరి మ్యాచ్. బహ్రెయిన్‌తో డ్రా చేసుకుంటే నాకౌట్‌కు వెళ్తాం. ఇంజురీ టైంలో పెనాల్టీ, 1-0, బయటికి. కోచ్ స్టీఫెన్ కాన్‌స్టంటైన్ అదే రోజు రాజీనామా చేశాడు. హాంకాంగ్ తర్వాత మూడు వారాలకే మార్కెజ్ కూడా తప్పుకున్నాడు. ఆరేళ్ల తేడాతో అదే స్కోరు, అదే పెనాల్టీ, కోచ్ మార్పు కూడా అదే. కోచ్ వెళ్లిపోగానే మన కోపం చల్లారుతుంది. ఫెడరేషన్ పెద్దలకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసని నా అనుమానం.

నిజానికి మనం ఆసియా కప్ ఆశ వదులుకున్నది హాంకాంగ్‌లో కాదు. 2025 అక్టోబర్ 9న సింగపూర్‌లో రహీం అలీ 90వ నిమిషంలో కొట్టిన గోల్‌తో 1-1 డ్రా అయినప్పుడు స్టేటస్‌లు మళ్లీ వెలిగాయి. ఐదు రోజులకు మడ్గావ్‌లో, మన సొంత గడ్డమీద, ఛాంగ్టే గోల్‌తో ముందుండి కూడా 2-1తో ఓడాం. సింగపూర్ రెండో గోల్ 58వ నిమిషంలో పడింది. ఆ తర్వాత అరగంటకు పైగా టైం ఉంది. ఏమీ జరగలేదు. మన దారి మూసుకుపోయింది ఆ సాయంత్రమే. జూన్‌లో గుండెలు బాదుకున్నవాళ్లలో సగం మంది ఆ మ్యాచ్ చూడనేలేదు. లెక్క వేసుకుందాం: హాంకాంగ్‌లో ఆ పెనాల్టీ పడకపోయినా అక్టోబర్ 14 రాత్రికి నాలుగు మ్యాచ్‌ల్లో మన పాయింట్లు 3, సింగపూర్‌వి 8. గ్రూప్ నుంచి వెళ్లేది ఒక్క జట్టే.

మార్కెజ్ విషయంలో హైదరాబాద్ అభిమానులకు ఒక ఇబ్బంది ఉంది. 2022 మార్చి 20న ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి మన హైదరాబాద్ ఎఫ్‌సీకి కోచ్‌గా ఐఎస్‌ఎల్ కప్ తెచ్చిపెట్టింది ఆయనే. స్టేడియం నిండా కేరళ అభిమానుల పసుపు జెర్సీలు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు, పెనాల్టీల్లో మన కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. ఆ రాత్రి చివరి నిమిషం మనకు అన్యాయంగా అనిపించలేదు! కానీ ఆ సీజన్‌లో మన గోల్స్ భారమంతా మోసింది నైజీరియా స్ట్రైకర్ ఓగ్బెచే, ఒక్కడే 18 కొట్టాడు. దాదాపు ప్రతి క్లబ్బూ ఇలాగే విదేశీ స్ట్రైకర్‌ను పెట్టుకుంటుంది. గెలవాలంటే అదే దారి. మనవాడికి మైదానం అంచున, వింగ్‌లో చోటు దొరుకుతుంది, గోల్ ఎదుట మధ్యలో దొరకదు. తర్వాత జాతీయ జట్టు బాక్స్‌లోకి వెళ్లి చూస్తే ఎవరూ ఉండరు. మన సంబరంలోనే ఈ లోటూ ఉందని అప్పుడు ఎవరం ఆలోచించలేదు.

ఆ హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా ఇప్పుడు లేదు. జీతాలు ఆగి, ఆటగాళ్లు వెళ్లిపోయి, 2023-24లో ఒక్క విజయంతో ఆఖరి స్థానంలో నిలిచింది. 2025లో ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. నల్లగొండ నుంచి గచ్చిబౌలి వంద కిలోమీటర్ల పైమాటే, పాలమూరు నుంచీ దాదాపు అంతే. రాత్రి ఏడున్నర మ్యాచ్‌కు వెళ్లి, తిరుగు బస్సు కోసం 80వ నిమిషంలోనే లేచి వచ్చేసే బ్యాచ్‌లు ఉండేవి. గోల్ పడిందో లేదో ఎల్బీనగర్ దాకా వచ్చాక తెలిసేది. ఇప్పుడు ఆ బాధ కూడా లేదు. కోపమంతా వచ్చి జాతీయ జట్టు మీద పడుతోంది, అది ఏడాదిలో ఆడే కొద్దిపాటి మ్యాచ్‌ల మీద.

మార్కెజ్ స్థానంలో వచ్చింది ఖాలిద్ జమీల్. 2016-17లో ఐజ్వాల్ ఎఫ్‌సీకి ఐ-లీగ్ అనే జాతీయ లీగ్ గెలిపించినాయన. ఐజ్వాల్ ఉన్న మిజోరం జనాభా 2011 లెక్కల్లో 11 లక్షలు. అదే ఏడాది ఉమ్మడి నల్లగొండ జిల్లా జనాభా 34.9 లక్షలు, ఉమ్మడి మహబూబ్‌నగర్‌ది 40.5 లక్షలు. దోహాలోనూ మడ్గావ్‌లోనూ గోల్ కొట్టిన ఛాంగ్టే మిజోరం పిల్లవాడే. అక్కడ 2012 నుంచి రాష్ట్ర లీగ్ నడుస్తోంది. డెబ్బై అయిదు లక్షల మంది ఉన్న మన రెండు పాత జిల్లాల నుంచి భారత సీనియర్ జట్టులో ఆడిన స్ట్రైకర్ పేరు చెప్పమంటే నా దగ్గర జవాబు లేదు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారం గెలిచిన జట్లకు హైదరాబాద్ ఎంతమందిని ఇచ్చిందో తల్చుకుని మురిసిపోతాం. ఆ వైభవం అప్పుడు కూడా మూసీ దాటి మా వైపు పెద్దగా రాలేదు.

రాకపోవడానికి కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. ఇక్కడి స్కూల్ పిల్లవాడికి ఫుట్‌బాల్ అంటే ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) సెలక్షన్లు. చాలాచోట్ల పీఈటీ సార్ పదకొండు మందిని పోగేసి తీసుకెళ్తాడు, ఒక మ్యాచ్ ఓడితే ఆ ఏడాదికి అయిపోయినట్టే. ఏడాదికి రెండు మూడు మ్యాచ్‌లు ఆడే పిల్లవాడు గోల్ ముందు కంగారు పడకుండా ఎలా ఉంటాడు? ఆషిక్‌లాంటి వాడే పడ్డాడు. మన రాష్ట్రంలోనే నిజామాబాద్ జిల్లా నుంచి గుగులోతు సౌమ్య జాతీయ మహిళా జట్టు దాకా వెళ్లింది. హాంకాంగ్ ఓటమి తర్వాత నెల తిరక్కుండానే, జూలై 5న మహిళల జట్టు చియాంగ్ మైలో థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి ఆసియా కప్‌కు అర్హత సాధించింది. అదీ బయటి దేశంలోనే. ఆ రాత్రి దేవరకొండ రోడ్డులో ఫోన్లు ఎవరూ పెట్టలేదు.

నల్లగొండలో మేకల అభినవ్ స్టేడియం ఉంది. పొద్దున వాకింగ్‌కు వచ్చేవాళ్లు, పోలీసు ఉద్యోగాలకు పరుగు ప్రాక్టీస్ చేసేవాళ్లు వెళ్లాక కూడా రోజంతా మిగులుతుంది. ఎనిమిది అండర్-15 జట్లు, ఒక్కోటి మిగతా ఏడింటితో రెండేసి సార్లు ఆడితే జట్టుకు 14 మ్యాచ్‌లు వస్తాయి. ఆదివారాలు, సెలవులు కలుపుకుంటే మూడు నాలుగు నెల్లలో అయిపోతుంది. బంతులు, రెఫరీల భత్యం, పిల్లల బస్ ఛార్జీలు, ఇంతకుమించి పెద్ద ఖర్చు లేదు. మిర్యాలగూడ, దేవరకొండ, నకిరేకల్ నుంచి జట్లు వస్తే ఇంకా మంచిది. జూన్ 10 రాత్రి నిద్ర పట్టనివాళ్లు జిల్లా అసోసియేషన్‌ను అడగాల్సింది ఈ షెడ్యూల్ గురించి.