గాడ్జిల్లాను చెడగొట్టిన పిల్లలపై అభియోగ పత్రం

యుద్ధం తర్వాతి జపాన్ సినిమాలో ఒక మహా పతనానికి పదేళ్ల లోపు పిల్లలే కారకులని పెద్దలు ఏనాడో తీర్పు ఇచ్చేశారు. తీర్పు వచ్చేసింది కాబట్టి ఇక విచారణ మొదలుపెట్టడమే తరువాయి.

బాధితుడు గాడ్జిల్లా. 1954 మార్చిలో అమెరికా బికినీ దీవుల్లో హైడ్రోజన్ బాంబు పేల్చితే ఆ బూడిద జపాన్ చేపల పడవ మీద రాలింది. ఆ భయంలోంచే అదే ఏడాది నవంబరులో తోహో సినిమా సంస్థ, బాంబు నిద్రలేపిన ఈ రాకాసి మృగాన్ని తెర మీదికి వదిలింది. అందులో మంటల మధ్య ఒక తల్లి బిడ్డలను పొదువుకుని, ఇక నాన్న దగ్గరికే వెళ్తున్నామని చెబుతుంది. అంతటి గంభీరమైన మృగం.

అలాంటివాడు 1965లో పరాయి గ్రహం మీద, పిల్లల కామిక్స్‌లోని ఒక పాత్రను అనుకరిస్తూ గెంతాడు. 1967కల్లా కొడుకు వెంట తిరిగే తండ్రి అయ్యాడు. కుర్రవాడికి అణుజ్వాల ఊదడం నేర్పబోతే పొగ రింగులే వస్తాయి. తండ్రి వచ్చి కొడుకు తోక తొక్కితే గానీ నిప్పు రాదు. ఈ బోధనా పద్ధతిపై విద్యాశాఖ స్పందించినట్టు లేదు. 1973లో ఒక రోబోకు కరచాలనం చేసి ఇంటిముఖం పట్టాడు.

ముద్దాయిల తరఫు వాదన ఒకటుంది, విని కొట్టిపారేద్దాం. 1958లో జపాన్‌లో 112 కోట్లకు పైగా సినిమా టికెట్లు తెగాయి. 1970 నాటికి అవి పాతిక కోట్లకు పడిపోయాయి. పెద్దలు ఇంట్లో టీవీ ముందు కూర్చున్నారు. ఆ టీవీ కావాలని పేచీ పెట్టింది కూడా పిల్లలే. దర్శకుడు ఓజు 1959లో తీసిన సినిమాలో ఇద్దరు అన్నదమ్ములు దానికోసం మౌనవ్రతమే పట్టారు. డబ్బు కట్టి కొన్నది ఎవరన్న ప్రశ్న ఇక్కడ అప్రస్తుతం.

హాల్లో మిగిలింది పిల్లలే. 1969 చివర్లో తోహో బడి సెలవుల సినిమా పండుగ మొదలుపెట్టింది. మొదటి గాడ్జిల్లా తీసిన హోండా ఇషిరోనే ఆ పండుగకూ ఒకటి తీశాడు. కర్మాగారాల పొగ కమ్మిన ఊళ్లో, తల్లిదండ్రులిద్దరూ పనికి పోగా ఖాళీ ఇంటికి చేరే పిల్లవాడు కలలో మృగాల దీవికి పోతాడు. ఆ దీవిలో పోరాటాలు చాలావరకు పాత సినిమాల ముక్కలే. ఖర్చు తగ్గించమని పిల్లలే ఒత్తిడి చేశారనడానికి ఆధారాలు ఇంకా దొరకలేదు, గాలింపు సాగుతోంది.

ఇక మరో సినిమా సంస్థ దాయెయ్ తన రాకాసి తాబేలు గమెరాను పిల్లలందరి నేస్తమని చాటుకుంది. 1971లో సంస్థ దివాలా తీసింది. అప్పులవాళ్లలో పిల్లలు లేకపోవడం దాని దురదృష్టం.

1984లో తోహో మళ్లీ పెద్దల గాడ్జిల్లాను తీస్తూ, 1954 తర్వాతి సినిమాలేవీ జరగనట్టే కథ నడిపింది. అంటే ఆ కొడుకు పుట్టనే లేదు, ఎవరూ ఎవరి తోకా తొక్కనే లేదు. ముద్దాయిలు అప్పటికి ఉద్యోగస్తులయ్యారు. వారిలో కొందరు ఫిర్యాదుదారుల వైపు చేరి, పిల్లల వల్లే గాడ్జిల్లా పాడైందని వాంగ్మూలం ఇచ్చేందుకు సిద్ధంగా ఉన్నారు.