పళ్లు చూసి స్కీలు కొనవలెను

మా కోనసీమలో అన్నిటికంటే ఎత్తైన పర్వతం ఏటిగట్టు. మంచు రెండు రకాలు. ధనుర్మాసంలో కొబ్బరాకుల మీంచి మెడ మీద పడేది ఒకటి, రొయ్యల ట్రేల మీద పారతో వేసేది ఇంకొకటి. అలాంటి చోట స్కీలు, అంటే మంచు మీద జారడానికి కాళ్లకు తగిలించుకునే పొడవాటి పలకలు, కొత్తవి కొనాలా, సెకండ్ హ్యాండా అన్న ప్రశ్న మా ఇంట్లో పదకొండు రోజులు నలిగిందంటే వింతేం లేదు. తెలియని వస్తువు మీదే మాకు అభిప్రాయాలెక్కువ.

మా అబ్బాయి ఫిబ్రవరిలో స్నేహితులతో కశ్మీర్‌లోని గుల్మార్గ్‌కు మంచులో జారడానికి వెళ్తున్నాడు. నాలుగు రోజులు. సంక్రాంతికి ఇంటికొచ్చి ఆ మాట అరుగు మీద అనడమే వాడు చేసిన తప్పు.

బావగారు కొత్తవే అన్నారు. గల్ఫ్‌లో చాలాకాలం ఉన్నారాయన. 2005లో దుబాయ్‌లోని మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్‌లో తెరిచిన మంచు హాలులో ఓసారి జారారు కూడా. అక్కడ జాకెట్టు, బూట్లు, స్కీలు టికెట్‌తోనే ఇస్తారు. అంచేత వాటి ఖరీదు తెలుసుకోవాల్సిన అవసరం ఆయనకు ఎప్పుడూ పడలేదు.

నాన్నగారు పాతవే అన్నారు. ఆయన కొన్న ఎడ్లు, డీజిల్ ఇంజను, మోపెడ్ అన్నీ ఒక చెయ్యి మారినవే. ఎద్దుకు పళ్లు చూసినట్టు స్కీకీ ఏదో పన్ను ఉండే తీరాలని ఆయన వాదన. తీరా చూస్తే ఉంది! స్కీ అడుగున రెండు పక్కలా ఉక్కు అంచు ఉంటుంది. సాన పట్టినకొద్దీ అది అరుగుతుంది. సన్నటి తీగలా మిగిలిందంటే ఇక సానకు పనికిరాదు. అడుగున చిన్న గీతలుంటే పూడ్చుకోవచ్చు. గీత లోపలి చెక్క దాకా దిగితే మాత్రం బేరం మానెయ్యాలి. నాన్నగారు ఫోన్‌లో పాత స్కీల ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసి, అంచు మీద గోరుతో గీకి చూసి, "ఆరు పళ్లేసింది, ఇంకా పన్జేస్తుంది" అని తేల్చారు. స్క్రీన్‌గార్డ్ మీద గీత పడింది.

చిక్కంతా బైండింగుల దగ్గరొచ్చింది. బూటును స్కీకి పట్టి ఉంచేది అదే, మనిషి పడ్డప్పుడు కాలు విరక్కుండా వదిలెయ్యాల్సిందీ అదే. ఎంత బలానికి వదలాలో బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, జారేవాడి అనుభవం చూసి బిగిస్తారు. మరీ పాత మోడలైతే కంపెనీ తన జాబితాలోంచి తీసేస్తుంది, ఆ తర్వాత మంచి మెకానిక్ దాన్ని ముట్టుకోడు. (వేళకు వదిలెయ్యడమనే ఈ ఏర్పాటు నీటి సంఘాల కుర్చీలకూ బిగిస్తే బాగుండును. ఆ సాంకేతికత ఇంకా మా జిల్లాకు రాలేదు.)

బూట్ల దగ్గర మాత్రం నేనే అడ్డం పడ్డాను. అందరూ డబ్బంతా స్కీల మీద పోసి బూట్ల దగ్గర పీనాసితనం చేస్తారు. నిజానికి తిరగెయ్యాలి. పాత బూటు లోపలి మెత్త ముందువాడి పాదానికి అచ్చుపడి ఉంటుంది. ప్లాస్టిక్ ముసలిదైతే పెళుసెక్కి విరుగుతుంది. "గుడి దగ్గర ఎన్నిసార్లు చెప్పులు మారలేదురా, నడవలేదా?" అన్నారు నాన్నగారు. హెల్మెట్ కూడా పాతది వద్దన్నాను, లోపలి దెబ్బ పైకి కనపడదు కాబట్టి. దానికి మా ఆవిడ, "మన వైపు హెల్మెట్లు పెట్రోలు ట్యాంకు మీదేగా తిరుగుతాయి, దెబ్బెక్కడ తగుల్తుంది?" అంది.

పదకొండో రోజు రాత్రి అబ్బాయి ఫోన్ చేశాడు. గుల్మార్గ్‌లో స్కీలూ బూట్లూ అన్నీ అద్దెకిస్తారట, రోజు లెక్కన.

ఇల్లంతా కాసేపు ఫ్యాను చప్పుడే.

"అద్దెవా! రేపు నలుగురొస్తే ఏం చూపిస్తాం?" అన్నారు బావగారు.

నాన్నగారు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. "అడ్వాన్సు ఇచ్చేశానురా."