తుమ్మల దిబ్బ జోలికి పోవద్దు

హైదరాబాద్‌లో మిగిలిన చెరువుల్లో కొన్నింటి నడుమ చిన్న మట్టిదిబ్బ కనిపిస్తుంది. దానిమీద నాలుగైదు తుమ్మచెట్లు, వాటి కింద పొదలు. కట్ట మీద వాకింగ్‌కు వచ్చేవారికి అది పిచ్చి తుప్ప. సుందరీకరణ ప్లాన్ గీసేవారికి ఖాళీ జాగా. గెజిబో (చిన్న మండపం) పెట్టొచ్చు, వంతెన వేయొచ్చు, రంగురంగుల లైట్లు బిగించొచ్చు.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం చీకటి పడే వేళ కట్ట మీద నిలబడి చూడండి. తెల్లకొంగలు, నీటికాకులు గుంపులుగా వచ్చి వాలుతుంటాయి. సరిగ్గా అప్పుడే, పగలంతా ఆకుల చాటున కునుకు తీసిన చింతవక్కలు (రాత్రి కొంగలు) ‘క్వాక్’ మంటూ వేటకు బయల్దేరతాయి. ఒకే చెట్టుకు రెండు షిఫ్టులు! పక్క గూడు ఖాళీగా కనిపిస్తే పుల్ల లాక్కొచ్చి తన గూట్లో పెట్టుకునే కొంగలూ ఉంటాయి. కింది ఆకులు రెట్టలతో సున్నం కొట్టినట్టు ఉంటాయి. వాసన సంగతి చెప్పక్కర్లేదు.

చుట్టూ నీళ్లుంటే కుక్కలు, పిల్లులు అంత తేలిగ్గా రాలేవు. మనిషీ రాడు. పక్షులకు కావలసింది అదే. బోటు దగ్గరికొస్తే తల్లిపక్షులు బెదిరి లేస్తాయి. ఆ కాసేపట్లోనే కాకులు గుడ్లు తన్నుకుపోతాయి, ఈకలు రాని పిల్లలు ఎండకు వడలిపోతాయి. గుంటూరు పక్కన ఉప్పలపాడులో ఊరి చెరువు మధ్య చెట్ల మీదే గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు పిల్లల్ని పెంచుతున్నాయి. మన దగ్గర అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. జనం కెమెరాలు పట్టుకుని అక్కడికి పోయేది పక్షుల కోసమే.

చెరువుల బాగుకు మేము అడ్డు చెప్పడం లేదు. మురుగు ఆపండి, గుర్రపుడెక్క తీయండి, కబ్జాలు తొలగించండి. పడవెక్కి లైట్లు చూడాలనుకునేవారికి హుస్సేన్‌సాగర్ నడుమ 1992లో నిలిపిన బుద్ధ విగ్రహం ఉండనే ఉంది. సర్కారు తుమ్మ పరాయి మొక్క, తీసేయాలంటారా? నల్లతుమ్మ, కానుగ నాటి, అవి ఎదిగాక మెల్లగా తీయండి. గూళ్లున్న కొమ్మను ఆగస్టులో నరకొద్దు.

జూన్ నుంచి అక్టోబరు దాకా దిబ్బ చుట్టుపక్కలకు బోట్లు పోనివ్వకూడదు. ఫోకస్ లైట్లను అటు తిప్పకూడదు. పూడిక తీసేటప్పుడు దిబ్బను ముట్టుకోవద్దని టెండరు కాగితంలోనే ఒక వాక్యం చేర్చాలి. ఇంకా పనులు మొదలుకాని చెరువుల నుంచే ఇది చేయవచ్చు.