నెలకు ఎన్ని గుండ్లు?

ఏడాదిలో పది లక్షల ఫిరంగి గుండ్లు ఇస్తామని 2023 మార్చిలో ఐరోపా యూనియన్ ఉక్రెయిన్‌కు మాటిచ్చింది. గడువు వచ్చేసరికి ఇచ్చింది దాదాపు సగమే. మాటిచ్చినవాళ్లేమీ పేదవాళ్లు కారు. జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ సహా 27 దేశాల సంపదను ఒకచోట పెడితే రష్యా దాని దరిదాపుల్లోకి రాదు. డబ్బుంది, చదువుకున్న ఇంజనీర్లున్నారు, ఇవ్వాలన్న మనసూ ఉంది. లేనిదల్లా గుండ్లు చేసే చోటు, చేసే చేతులు. అటు రష్యా మాత్రం సోవియట్ కాలం నాటి పాత కర్మాగారాలను రాత్రింబవళ్లు నడిపింది. చాలనివి ఉత్తర కొరియా నుంచి తెప్పించుకుంది. ఈ యుద్ధం నుంచి ప్రపంచం నేర్చుకోవలసినవి చాలానే ఉండొచ్చు. మన దేశానికి అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చేది మాత్రం ఇదేనని ఈ పత్రిక అభిప్రాయం.

155 ఎంఎం (మిల్లీమీటర్ల) వ్యాసం ఉన్న ఈ ఫిరంగి గుండును చూస్తే అందులో బ్రహ్మవిద్యేమీ కనిపించదు. వందేళ్ల కిందటి వస్తువే. అమెరికాలో వీటిని తయారుచేసే ముఖ్య కేంద్రం పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్‌లో ఉంది. అది ఒకప్పటి రైలింజన్ల రిపేరు షెడ్డు. ఉక్కు కడ్డీని ముక్కలు కోసి, కొలిమిలో ఎర్రగా కాల్చి, ప్రెస్సులో పెట్టి గుల్లగా సాగదీస్తారు. మూతి సన్నగా నొక్కి, నునుపు పట్టి, పరీక్ష చేసి ఐయోవాకు పంపుతారు. కరిగించిన పేలుడు పదార్థాన్ని గుల్లలో పోసి నింపేది అక్కడ. ఆ తర్వాత గుండును పేల్చే ఫ్యూజు కావాలి, గుండును ముందుకు తోసే మందు కావాలి, ఆ మందును అంటించే ప్రైమర్ కావాలి. ఇన్నిటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగిలింది ఉత్త ఇనప ముద్దే.

అసలు ఇబ్బంది ఇక్కడే బయటపడింది. గుల్లలో నింపే పేలుడు పదార్థమైన టీఎన్‌టీ తయారీని అమెరికా 1986లోనే తన గడ్డ మీద ఆపేసింది. మళ్లీ కెంటకీలో ప్లాంటు కట్టడానికి 2024 చివర్లో గానీ కాంట్రాక్టు ఇవ్వలేదు. తోపుడు మందుకు నైట్రోసెల్యులోజ్ కావాలి. దానికి ముడిసరుకు పత్తి గింజకు అంటుకుని మిగిలిపోయే పొట్టి నూగు, మన పత్తి గింజల మిల్లుల్లో లింటర్ అని పిలిచే సరుకే. ఐరోపా కంపెనీలు దాన్ని ఎక్కువగా చైనా నుంచి తెచ్చుకుంటున్నాయి. యుద్ధానికి ముందు నెలకు సుమారు 14 వేల గుండ్లు చేసే అమెరికా, లక్ష చేస్తానని లక్ష్యం పెట్టుకుంది. 2025 మధ్యకు వచ్చినా 40 వేల దగ్గరే ఆగింది. ప్రపంచంలోకెల్లా పెద్ద సైనిక బడ్జెట్ ఉన్న దేశం సంగతి ఇది. శాంతికాలంలో లాభం లేదని మూసేసిన షెడ్డును తెరవాలంటే తాళంచెవి ఒక్కటే చాలదు. ఆ పని తెలిసినవాళ్లు అప్పటికి రిటైరై ఉంటారు.

రెండో ప్రపంచ యుద్ధమనగానే మనవాళ్లకు స్టాలిన్‌గ్రాడ్ గుర్తుకొస్తుంది, హిరోషిమా గుర్తుకొస్తుంది. నగోయా ఎడ్లబళ్ల సంగతి విన్నవాళ్లు తక్కువ. యుద్ధం మొదట్లో పసిఫిక్ ఆకాశంలో జపాన్ జీరో విమానానికి ఎదురులేదు. దాన్ని మిత్సుబిషి నగోయాలో తయారుచేసేది. ఆ ఫ్యాక్టరీ పక్కన రన్‌వే లేదు. అందుకని విమానాన్ని విప్పి, భాగాలను ఎడ్లబళ్ల కెక్కించి, సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని కగామిగహర విమానాశ్రయానికి తోలుకెళ్లేవారు. లారీలో వేస్తే ఆ గతుకుల రోడ్డు మీద సున్నితమైన భాగాలు దెబ్బతింటాయని, నిదానంగా నడిచే ఎడ్లే నయమనుకున్నారు. 1939లో మొదటి నమూనా అలాగే వెళ్లింది. యుద్ధం మొదలయ్యాక కూడా చాలాకాలం అదే పద్ధతి సాగింది. విమానం డిజైన్ గీసినవాడి మేధకు కొదవ లేదు. ఆ మేధ చుట్టూ రోడ్డు, రన్‌వే, విడిభాగాల దుకాణం వంటి మామూలు సరంజామా లేదు.

అదే కాలంలో డెట్రాయిట్ దగ్గర విల్లో రన్‌లో ఫోర్డ్ కంపెనీ బాంబర్ల ఫ్యాక్టరీ కట్టింది. రన్‌వే పక్కనే. 1944లో అక్కడ గంటకొక బి-24 బాంబర్ బయటికొచ్చింది. ఆ ఏడాది అమెరికా మొత్తం 96 వేల విమానాలు చేస్తే, జపాన్ శాయశక్తులా కష్టపడి 28 వేలు చేయగలిగింది. అయితే విల్లో రన్ కథను అందరూ ఇక్కడితో ఆపేస్తారు. 1941లో పని మొదలైన ఆ ఫ్యాక్టరీ గంటకొకటి అనే వేగం అందుకోవడానికి మూడేళ్లు పట్టింది. కార్లకు అలవాటుపడ్డ పద్ధతులు విమానానికి కుదరలేదు, డిజైన్ మాటిమాటికీ మారేది, కార్మికులకు ఉండటానికి ఇళ్లు దొరికేవి కావు. అసలిది నడుస్తుందా అని జనం ఎగతాళి చేశారు. ఫోర్డ్ అంతటి కంపెనీకే, ఖజానా తలుపులు బార్లా తెరిచిన ప్రభుత్వం వెనకుండగానే, మూడేళ్లు!

ఓడల సంగతీ అంతే. కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్‌లో షిప్‌యార్డులు పెట్టిన హెన్రీ కైజర్ అప్పటిదాకా రోడ్లు, డ్యాములు కట్టిన కాంట్రాక్టర్. ఓడను భాగాలుగా వేరువేరు చోట్ల చేసి, క్రేన్లతో తెచ్చి, రివెట్లకు బదులు వెల్డింగుతో అతికించే పద్ధతి పట్టాడు. అంతకుముందు షిప్‌యార్డు గేటు కూడా చూడని ఆడవాళ్లు వేలల్లో వెల్డర్లయ్యారు. మొదట్లో సరుకులు మోసే ఒక్కో లిబర్టీ ఓడకు సుమారు ఎనిమిది నెలలు పడితే, తర్వాత సగటున నెలన్నరలోపే పూర్తయ్యేది. 1942 నవంబరులో ఒక ఓడను అయిదు రోజులు కూడా నిండకుండా నీళ్లలోకి దింపారు. అది ప్రచారం కోసం చేసిన పని, అంత తొందర వల్ల కొన్ని ఓడల అతుకులు చలికి పగిలాయి కూడా. అయినా మొత్తం 2,710 లిబర్టీ ఓడలు తయారయ్యాయి. ముంచేవాడి కన్నా కట్టేవాడి వేగం పెరిగిన రోజున అట్లాంటిక్‌లో జర్మన్ జలాంతర్గాముల ఆట కట్టింది.

ఈ రిచ్‌మండ్ కథను తెలుగువాళ్లు విశాఖపట్నం పక్కన పెట్టి చదవాలి. పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ విశాఖలో తలపెట్టిన షిప్‌యార్డుకు 1941 జూన్‌లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. రిచ్‌మండ్‌లో పని మొదలైందీ ఆ ఏడాదే. యుద్ధం ముగిసేసరికి రిచ్‌మండ్ యార్డుల నుంచి 747 ఓడలు వెళ్లాయి. విశాఖ నుంచి మొదటి ఓడ ‘జల ఉష’ను నెహ్రూ నీళ్లలోకి దింపింది 1948 మార్చిలో. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ రేవు మీద బాంబులు వేయడం, ఊరు సగం ఖాళీ కావడం నిజమే. కానీ ఒక్క రోజు దాడి ఇంత తేడా తేదు. భారతీయుడు ఓడ కట్టడాన్ని వలస ప్రభుత్వం యుద్ధ అవసరంగా గుర్తించలేదు, అంతే. సైన్యానికి మనుషులు, బట్ట, ధాన్యం ఇక్కడి నుంచి కావాలి. పరిశ్రమ మాత్రం వద్దు. బెంగాల్ కరువుకు సాక్షిగా నిలిచిన ఆ ఏళ్లలో మనకు దక్కింది యుద్ధపు ఖర్చు, వాళ్లకు దక్కింది యుద్ధం నేర్పిన పని.

సోవియట్ యూనియన్ మరో దారి పట్టింది. 1941 రెండో సగంలో జర్మన్లు తరుముకొస్తుంటే 1,500కు పైగా ఫ్యాక్టరీలను విప్పి రైళ్లకెత్తి తూర్పున ఉరల్ పర్వతాలు, సైబీరియా వంటి దూర ప్రాంతాలకు తరలించింది. ఖార్కోవ్ ట్యాంకుల ఫ్యాక్టరీ నిజ్నీ తగిల్‌లో తేలింది. చెల్యాబిన్స్క్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ట్యాంకులు చేయడం మొదలుపెట్టింది. టీ-34 ట్యాంకుకు నగిషీలు తీసేశారు, భాగాలు తగ్గించారు, రెండేళ్లలో దాని ఖర్చు సగానికి దిగింది. యుద్ధకాలంలో 50 వేలకు పైగా చేశారు. ఎదురుగా నిలిచిన జర్మన్ టైగర్ ట్యాంకు ఒకటికి ఒకటిగా చూస్తే మేటి, సందేహం లేదు. కానీ మొదటి రకం టైగర్లు మొత్తం చేసింది 1,350 దాకా. రష్యా మీదికి వచ్చిన జర్మన్ సైన్యం వెంట 1941లో ఆరు లక్షల గుర్రాలున్నాయి. తర్వాత వాళ్లను వెనక్కి తరిమిన సోవియట్ ఎర్రసైన్యానికి యుద్ధం ముగిసేలోగా అమెరికా దాదాపు నాలుగు లక్షల జీపులు, లారీలు పంపింది.

ఫ్యాక్టరీ ఉన్నవాడిదే గెలుపు అని ఇక్కడే తీర్పు చెప్పేస్తే తప్పవుతుంది. 1944లో జర్మనీ మునుపెన్నడూ లేనన్ని విమానాలు, దాదాపు 40 వేలు, చేసింది. ఆ ఏడాదే ఆకాశం పూర్తిగా దాని చేయి దాటిపోయింది. మిత్రరాజ్యాలు కృత్రిమ పెట్రోలు ప్లాంట్ల మీద బాంబులు వేయడంతో, ఏప్రిల్‌లో 1,75,000 టన్నులున్న విమాన ఇంధనం ఉత్పత్తి సెప్టెంబరుకు పదివేల టన్నుల లోపుకు పడిపోయింది. ఎగరేయడానికి పెట్రోలు లేదు, నేర్చుకునే పైలట్‌కు శిక్షణ లేదు. పైగా ఆ ఉత్పత్తిలో పెద్ద భాగం బలవంతంగా పట్టుకొచ్చిన బానిస కూలీలతో చేయించింది. వియత్నాం సంగతి మరోరకం. ఇండోచైనా మీద అమెరికా 70 లక్షల టన్నులకు పైగా బాంబులు కుమ్మరించి కూడా ఓడిపోయింది. దీన్ని పరిశ్రమ మీద పట్టుదల సాధించిన విజయంగా చెబుతారు. పట్టుదల నిజమే, కానీ ఉత్తర వియత్నాం రాజధాని హనోయ్‌కి ఆయుధాలు అందించిన ఫ్యాక్టరీలు సోవియట్ యూనియన్‌లో, చైనాలో ఉన్నాయి. బాంబులు వేసేవాడు వాటి జోలికి వెళ్లలేడు.

మన దగ్గరికొద్దాం. 1999లో కార్గిల్ యుద్ధం నడుస్తుండగా, మా దగ్గర ఉన్నదాంతోనే పోరాడతాం అని సైన్యాధిపతి జనరల్ మాలిక్ బహిరంగంగా అనవలసి వచ్చింది. బోఫోర్స్ ఫిరంగుల గుండ్ల కోసం విదేశాల చుట్టూ పరుగులు పెట్టాం. అత్యవసరమంటూ కొన్నవాటిలో చాలాభాగం పోరు ముగిశాక చేరిందని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2001లో రాసింది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే అయింది. ఆ తర్వాతైనా మారామా? 152 రకాల మందుగుండులో 61 రకాలు పది రోజుల గట్టి యుద్ధానికి కూడా చాలవని అదే కాగ్ 2017లో తేల్చింది. గోదాముల్లో గుండ్లున్నా వాటికి బిగించే ఫ్యూజులు లేక పక్కన పడి ఉన్నాయని కూడా చెప్పింది. ఆ నివేదిక తర్వాత కొనుగోళ్ల అధికారాలు పెంచారు, దేశీ తయారీకి ప్రైవేటు కంపెనీలను పిలిచారు. కొంత మేలు జరిగింది.

2025 మేలో పాకిస్తాన్‌తో తలపడినప్పుడు హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్ చేసిన ఆకాశ్ క్షిపణులకు మంచి పేరొచ్చింది. మేమూ గర్వంగా రాశాం. కానీ ఆ ఘర్షణ ముగిసింది నాలుగు రోజుల్లో. ఇక మీదట యుద్ధాలన్నీ ఇలాగే చిటికెలో అయిపోతాయని ఢిల్లీలో కొందరు వాదిస్తున్నారు. ఉక్రెయిన్‌లోకి అడుగుపెట్టిన రోజున మాస్కోలోనూ అలాగే అనుకున్నారు.

2024-25లో దేశ రక్షణ ఉత్పత్తి లక్షన్నర కోట్ల రూపాయలు దాటిందని, ఎగుమతులు 23,622 కోట్లకు చేరాయని ప్రభుత్వం చెప్పింది. సంతోషమే. అయితే రూపాయల లెక్క యుద్ధానికి సరిపడే లెక్క కాదు. ఖరీదైన నాలుగు యుద్ధనౌకలతో ఆ అంకె పెరగొచ్చు, చవకైన గుండు కొరతగానే ఉండొచ్చు. నెలకు ఎన్ని చేయగలం, అవసరమొస్తే ఎన్ని నెలల్లో దాన్ని మూడింతలు చేయగలం, ఏ రసాయనం, ఏ చిప్, ఏ బేరింగు బయటి నుంచి వస్తోంది అనే ప్రశ్నలకు జవాబు ఉండాలి. అంకెలు పత్రికలకు చెప్పమని మేం అడగడం లేదు. పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం తలుపులు మూసుకునైనా అడగాలి, అధికారులు జవాబు చెప్పాలి.

జవాబుకు ఖర్చుంటుంది. యుద్ధం లేనప్పుడు ఫ్యాక్టరీకి పని ఉండదు. 2021 అక్టోబరులో 41 ఆయుధ కర్మాగారాలను ఏడు కంపెనీలుగా విడగొట్టి, లాభనష్టాలు చూసుకోమన్నారు. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో సాయుధ శకటాలు చేసే మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ కూడా అందులో ఒకటి. ఆర్డర్ ఉంటే షిఫ్టు నడుస్తుంది, లేకపోతే ఓవర్‌టైమ్ పోతుంది, తర్వాత మనుషులూ పోతారు. మామూలు కంపెనీకి అది సబబైన లెక్కే. యుద్ధం కోసం పెట్టుకున్న ఫ్యాక్టరీ విషయంలో ఖాళీగా ఉన్న యంత్రం కూడా రక్షణ ఖర్చే అవుతుంది. దాన్ని ఆడిట్ వృథా కింద రాయకుండా, బడ్జెట్‌లో దానికంటూ ఒక పద్దు పెట్టాలి. ఏడాదికేడాది కొత్త టెండర్లు కాకుండా పదేళ్ల ఆర్డర్లు ఇస్తే ప్రైవేటు వాళ్లూ ధైర్యంగా ప్లాంట్లు పెడతారు.

ఇందులో మనుషుల లెక్క ఒకటి ఎప్పుడూ అడుగున పడిపోతుంది. 2025 జనవరి 24న మహారాష్ట్రలోని భండారా ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో పేలుడు జరిగి ఎనిమిది మంది చనిపోయారు. ఉత్పత్తి మూడింతలు చేయాలంటే మొదట పెరిగేది ఇలాంటి షెడ్లలో పనిభారమే. అనుభవజ్ఞులు తగ్గి కాంట్రాక్టు కుర్రాళ్లు పెరిగితే ప్రమాదాలూ పెరుగుతాయి. కర్మాగారాలను కంపెనీలుగా మార్చిన ఏడాదే సమ్మెలను నిషేధిస్తూ చట్టం తెచ్చిన ప్రభుత్వం, ఈ షెడ్లలో భద్రతను ఎవరు తనిఖీ చేస్తున్నారో, ఆ నివేదికలు ఎక్కడున్నాయో కూడా చెప్పాలి. పేలుడు పదార్థం నింపే పనికి శాశ్వత ఉద్యోగులనే పెట్టాలన్న నిబంధనతో మొదలుపెట్టవచ్చు.